వాతావరణ సూచన వెనుకనున్న వాయుమండలము

రేడియోలో వార్తల చివర వాతావరణ సూచన వినుట మన ఇండ్లలో చిరకాలపు అలవాటు. బంగాళాఖాతములో అల్పపీడనము ఏర్పడినదనియు, అది వాయుగుండముగా మారవచ్చుననియు, కోస్తా జిల్లాలలో పలుచోట్ల వర్షములు కురియుననియు చెప్పు మాటలు మన చెవిని పడుచునే యుండును. రైతు ఆ మాటలు విని, కోసిన పనలను కుప్ప వేయవలెనా, ఇంకొకనాడు ఎండనీయవలెనా అని ఆలోచించును. జాలరి పడవను ఒడ్డుకు లాగి కట్టివేయును. ఇల్లాలు మేడమీద వడియములు పెట్టుట మానుకొనును. తక్కినవారము విని, మరునిమిషమున మరచిపోవుదుము. అల్పపీడనము అనగా నేమి? కంటికి కనబడని గాలికి పీడనమెక్కడిది? సముద్రము నడుమ నెక్కడనో గాలి పలుచబడినచో మన ఊరిలో వాన కురియుట యేల?

ఈ ప్రశ్నలకు సమాధానము గాలికిగల మూడు గుణములలో నున్నది. గాలికి బరువున్నది. గాలి వేడిని పట్టియుంచును. గాలి నీటియావిరిని మోయును. భూమిమీద ప్రాణికోటి బ్రదుకుట ఈ మూడు గుణముల వలననే. వానలు కురియుటయు, తుపానులు వచ్చుటయు ఈ మూడు గుణముల వలననే. ఒకటి కావలెను, రెండవది వలదనుటకు వీలులేదు. కనుక మనకు మిగిలిన మార్గము గాలి స్వభావమును తెలిసికొని మెలగుటయే. ఆ మూడు గుణములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

గాలికి బరువున్నది

నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిలోని గాలిని త్రాసులో వేసి తూచగలిగినచో అది 50 కిలోలకు పైగా తూగును. ఒక్క గదిలోని గాలియే ఇంత బరువైనప్పుడు, మన నెత్తిమీద ఎన్నో కిలోమీటర్ల ఎత్తువరకు పేరుకొనియున్న గాలి యెంత బరువుండవలెను? సముద్రమట్టమున ప్రతి చదరపు సెంటీమీటరు మీదను సుమారు ఒక కిలో బరువు మోపుచున్నదని లెక్క. చాచిన అరచేతిమీద దాదాపు నూరు కిలోలు ఉన్నవన్నమాట. అయినను మనము నలిగిపోవుటలేదు. ఏలయన గాలి పైనుండి మాత్రమే గాక క్రిందినుండియు, ప్రక్కలనుండియు సమానముగా ఒత్తుచుండును. మన శరీరములోని ద్రవములును, వాయువులును అంతే బలముతో లోపలినుండి వెలుపలికి ఒత్తుచుండును. కొబ్బరిబొండములో గొట్టము పెట్టి పీల్చినప్పుడు నీరు పైకి వచ్చుటకు కారణము కూడ ఈ బరువే. పీల్చుటవలన గొట్టములోని గాలి తగ్గును; అప్పుడు బొండములోని నీటిమీద బయటి గాలి ఒత్తి, నీటిని గొట్టములోనికి నెట్టును.

ఈ బరువును కొలుచు ఉపాయమును ఇటలీ దేశీయుడైన టారిచెల్లీ 1643లో కనిపెట్టెను. ఒక కొన మూసిన గాజుగొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు తొట్టిలో తలక్రిందుగా నిలిపినప్పుడు, గొట్టములోని పాదరసము పూర్తిగా దిగిపోక సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలిచినది. తొట్టిమీద గాలి మోపుచున్న బరువే దానిని నిలిపినది. ఇదియే భారమితి. ఐదేండ్ల తరువాత, 1648లో, ఫ్రాన్సు దేశమున పాస్కల్ కోరికపై ఆయన బావగారైన పెరియే ఈ పరికరమును ఒక కొండ శిఖరమునకు మోసికొనిపోయెను. అచ్చట పాదరసము 8 సెంటీమీటర్లకు పైగా దిగియుండెను. పైకి పోయినకొలది తలమీది గాలి తరుగునని దీనివలన రుజువైనది.

నేడు ఈ పీడనమును మిల్లీబారులలో చెప్పుదురు. దానినే హెక్టోపాస్కల్ అనియు అందురు. సముద్రమట్టమున దాని సగటు సుమారు 1013. భారమితిలో అంకె దిగినదనగా ఆ చోట తలమీది గాలి బరువు తగ్గినదని అర్థము. చుట్టుపట్ల ప్రదేశములకంటె బరువు తగ్గిన ఆ చోటునే అల్పపీడన ప్రాంతమందురు. వార్తలలో వినబడు మాటకు ఇంతకంటె గూఢార్థము లేదు.

గాలి ఎత్తు చాలయని మనమనుకొందుము గాని, భూమి పరిమాణముతో పోల్చినచో అది మిక్కిలి పలుచని పొర. మొత్తము గాలిలో సగము 5.5 కిలోమీటర్ల ఎత్తు లోపలనే యున్నది. ఎవరెస్టు శిఖరమున పీడనము సముద్రమట్టపు పీడనములో మూడవవంతు మాత్రమే. మేఘములు, వానలు, గాలివానలు అన్నియు దాదాపు అడుగు పొరలోనే జరుగును. ఆ పొర మందము మన ప్రాంతములమీద సుమారు 16 కిలోమీటర్లు. ధ్రువములవద్ద అందులో సగము. భూమిని ఒక మీటరు వ్యాసముగల బంతిగా ఊహించుకొన్నచో, ఆ పొర మందము మిల్లీమీటరుంబావుకు మించదు. మన పంటలు, ప్రాణములు, ఊళ్ళు ఆ మిల్లీమీటరుంబావు గాలిని నమ్ముకొనియున్నవి.

గాలి వేడిని పట్టియుంచును

తేమ లేని గాలిలో 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ప్రాణవాయువు. మిగిలిన ఒక్క పాలులో హెచ్చుభాగము ఆర్గాన్ అను వాయువు. బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళకు కొంచెము పైన మాత్రమే. ప్రాణవాయువు మనకు ఊపిరి. దానిని గాలిలోనికి విడుచునవి చెట్టుచేమలును, సముద్రములోని సూక్ష్మమైన నాచుజాతులును. ఇది అందరెరిగినదే. అతి స్వల్పముగా నున్న బొగ్గుపులుసు వాయువును, నీటియావిరియు మనకు చేయు మేలు అంతగా తెలియదు.

చంద్రుని చూడుడు. సూర్యునినుండి చంద్రుడును, భూమియు సగటున ఒకే దూరమున నున్నవి. అయినను చంద్రునిమీద మధ్యాహ్నమున సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడు వేడియుండును. రాత్రి సున్నకు దిగువ 130 డిగ్రీలకంటె ఎక్కువ చలియుండును. అచ్చట గాలి లేదు. పగటి వేడిని పట్టియుంచి రాత్రికి దాచిపెట్టునది లేదు. మనకు ఆ బాధ లేకపోవుటకు కారణము వాయుమండలమను దుప్పటి. సూర్యుని వెలుగు గాలిగుండ చాలవరకు సులభముగా దిగివచ్చి నేలను వేడిచేయును. వేడెక్కిన నేల కంటికి కనబడని పరారుణ కిరణముల రూపమున ఆ వేడిని పైకి పంపును. నీటియావిరియు, బొగ్గుపులుసు వాయువును ఆ కిరణములను మ్రింగి, అందు కొంతభాగమును తిరిగి నేలవైపునకు పంపును. నత్రజనికిగాని, ప్రాణవాయువునకుగాని ఈ శక్తి లేదు. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు టిండాల్ 1859లో ప్రయోగశాలలో ఈ సంగతిని కొలిచి చూపెను.

ఈ దుప్పటి లేనిచో భూమి సగటు వేడిమి సున్నకు దిగువ 18 డిగ్రీలుండును. ఉన్నందున సున్నకు పైన 15 డిగ్రీల ప్రాంతమున నున్నది. నదులు ప్రవహించుటకును, గడ్డకట్టుటకును నడుమగల తేడా ఇదియే. చలికాలమున ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి చలి హెచ్చుగా నుండుటయు, మబ్బుపట్టిన రాత్రి ఉక్కగా నుండుటయు మన అనుభవములోనిదే. మబ్బు దుప్పటికిమీద కప్పిన ఇంకొక దుప్పటి.

దుప్పటి పలుచనైనను ప్రమాదమే, మందమైనను ప్రమాదమే. అంగారకునిమీద వాయుపీడనము మన పీడనములో నూరవవంతైనను లేదు. అచ్చట చెరువులుగా నీరు నిలువజాలదు. శుక్రునిమీద పీడనము మనకు 90 రెట్లు. అక్కడి గాలి దాదాపు అంతయు బొగ్గుపులుసు వాయువే. అందువలన అచ్చటి నేల 460 డిగ్రీల వేడితో కాలుచున్నది. ఈ ఇరువురి నడుమనున్న భూమికి తగుపాటి దుప్పటి దక్కినది.

వాయుమండలము చేయు కాపలా ఇంతటితో ముగియలేదు. నేలకు 15 మొదలు 35 కిలోమీటర్ల ఎత్తులో ఓజోను అను వాయువు కొంత చేరియున్నది. సూర్యకాంతిలో ప్రాణులకు హానిచేయు అతినీలలోహిత కిరణములను అది చాలవరకు పీల్చివైచుచున్నది. రాత్రివేళ నక్షత్రము రాలినదని మనము చూపించునది కూడ నక్షత్రము గాదు. ఆకాశమునుండి అతివేగముగా వచ్చిపడిన చిన్న రాయో, రేణువో గాలి తాకిడికి మండిపోవుచున్నది.

గాలి నీటియావిరిని మోయును

వేసవిలో మట్టికుండలోని నీరు చల్లబడుట అందరు నెరుగుదురు. కుండ గోడనుండి ఊరిన నీరు ఆవిరియగుచు, ఆవిరియగుటకు కావలసిన వేడిని కుండలోని నీటినుండియే లాగుకొనును. అందుచేత లోపలి నీరు చల్లబడును. లాగుకొన్న ఆ వేడి నశించిపోదు, ఆవిరిలో దాగియుండును. ఆవిరి తిరిగి నీరైనప్పుడు ఆ వేడి బయటపడును. ఇది కొద్దిపాటి వేడి గాదు. ఒక కిలో నీటిని మామూలు వేడిమినుండి మరుగుస్థితికి తెచ్చుటకు ఎంత వేడి పట్టునో, అదే నీటిని పూర్తిగా ఆవిరి చేయుటకు అంతకు ఏడెనిమిది రెట్లు పట్టును. ఈ గుప్తోష్ణమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. తుపాను బలమంతయు దీనిలోనే యున్నది.

వెచ్చని గాలి హెచ్చు ఆవిరిని మోయగలదు. చల్లని గాలి మోయజాలదు. 30 డిగ్రీల వేడిమిలో ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని ఇముడ్చుకొనును. 20 డిగ్రీలలో 17 గ్రాములు మాత్రమే. చల్లని మజ్జిగ పోసిన గ్లాసుకు బయట నీటిచుక్కలు పట్టుట ఇందువలననే. గ్లాసును తాకిన గాలి చల్లబడి, మోయలేని ఆవిరిని నీటిచుక్కలుగా విడిచిపెట్టును.

మేఘము పుట్టుట కూడ ఇట్లే. పైకి లేచిన గాలిమీద ఒత్తిడి తగ్గును, ఒత్తిడి తగ్గగా అది వ్యాపించును, వ్యాపించగా చల్లబడును. సైకిలు పంపులో గాలిని నొక్కినప్పుడు పంపు వేడెక్కును గదా, దానికిది విపర్యయము. సామాన్యముగా ఎత్తునకు పోయినకొలది కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున వేడిమి తగ్గును. సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులోయ విశాఖపట్టణము కంటె చల్లగా నుండుట ఇందువలననే. పైకిపోయి చల్లబడిన గాలిలోని ఆవిరి, సూక్ష్మమైన ధూళికణముల నాశ్రయించి నీటిబిందువులగును. కోట్లకొలది బిందువుల గుంపే మేఘము. అవి కలిసి పెద్దవైనప్పుడు వాన కురియును. కనుక వాన కురియుటకు రెండు కావలెను: తేమగల గాలి యొకటి, దానిని పైకి లేపునది యొకటి. వేసవిలో సముద్రతీరమున గాలి నిండ తేమయున్నను వాన లేకపోవుట రెండవది కొరవడుటచేతనే.

గాలి యేల వీచును

ఎండకు నేల త్వరగా వేడెక్కును; సముద్రము నెమ్మదిగా వేడెక్కును. మధ్యాహ్నమునకు నేలమీది గాలి వేడెక్కి, వ్యాపించి, తేలికపడి పైకి లేచును. అచ్చట పీడనము తగ్గును. సముద్రముమీది చల్లని, బరువైన గాలి ఆ తావునకు వచ్చును. బందరులోగాని, కాకినాడలోగాని సాయంకాలము హాయిగొలుపు సముద్రపు గాలి యిదియే. రాత్రి నేల త్వరగా చల్లబడును గనుక గాలి నేలనుండి సముద్రమువైపునకు మరలును.

పగలు, రాత్రి ఒక తీరములో జరుగు ఈ పనియే, ఏడాదిలో రెండు పర్యాయములు ఒక ఖండమంతట జరుగును. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హేలీ ఋతుపవనములకు 1686లో చెప్పిన వివరణ ఇట్టిదే. తరువాతివారు దానికి ఎన్నో సంగతులు చేర్చిరి గాని, మూలమున నున్నది నేలకు, సముద్రమునకు గల వేడిమి తేడాయే. రోహిణీకార్తె ఎండలకు భారతభూమి కాలిపోవుచుండగా ఉత్తరమున పీడనము తగ్గును. దక్షిణమున హిందూమహాసముద్రమునుండి తేమగాలులు బయలుదేరును. భూమి తన చుట్టు తాను తిరుగుచున్నందున, ఉత్తరార్ధగోళములో ఏ గాలియైనను తిన్నగా పోక తన కుడివైపునకు ఒరగును. అందుచేత దక్షిణమునుండి వచ్చు గాలి మనకు నైరుతినుండి వచ్చును. సాధారణముగా జూను మొదటి దినములలో కేరళను తాకి, మృగశిరకార్తెలో మనకు తొలకరి తెచ్చును. తెలంగాణమునకు వానలో అధికభాగము ఈ నైరుతి ఋతుపవనములవలననే. అక్టోబరులో గాలి తిరుగబడి ఈశాన్యమునుండి వీచుట మొదలిడును. నెల్లూరు ప్రాంతమునకు ఆ వానలే ముఖ్యము.

అదే నైరుతిగాలి అనంతపురమును చిన్నచూపు చూచుటకు కారణము కూడ గాలిగుణమే. పడమటి కనుమలను ఎక్కునప్పుడు గాలి చల్లబడి తన తేమలో హెచ్చుభాగమును ఆవలి తీరమున కురిసివేయును. కనుమలు దిగునప్పుడు వేడెక్కి, మేఘములు విడిపోవును. ఆ వానచాటు నేలలో అనంతపురమున్నది. ఏడాది వర్షపాతము సుమారు 55 సెంటీమీటర్లు మాత్రమే.

అల్పపీడనమునుండి తుపాను వరకు

ఇప్పుడు వాతావరణ సూచనలోని మాటలను వరుసగా గ్రహింపవచ్చును. సముద్రజలము వేడిమి 26 డిగ్రీలు దాటి, ఆ వెచ్చదనము కొంత లోతువరకు ఉన్నప్పుడు, నీటిమీది గాలి విస్తారమైన ఆవిరిని నింపుకొని పైకి లేచును. పైన ఆవిరి నీరైనప్పుడు దాగియున్న వేడి బయటపడి అక్కడి గాలిని ఇంకను వేడిచేయును. వేడెక్కిన గాలి మరింత పైకి లేచును. క్రింద పీడనము మరింత తగ్గును. చుట్టుప్రక్కల తేమగాలి మరింత వేగముగా వచ్చి చేరును. ఇట్లు ఒకదానినొకటి పెంచుకొనుచు పోవును. వచ్చు గాలి కుడివైపునకు ఒరగుటచేత తిన్నగా కేంద్రమును చేరలేక దాని చుట్టు సుడిగా తిరుగును. మన గోళార్ధములో ఈ సుడి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును.

సుడిలో గాలి వేగము గంటకు 31 కిలోమీటర్లు చేరువరకు అది అల్పపీడనము. 31 మొదలు 49 వరకు వాయుగుండము. 50 మొదలు 61 వరకు తీవ్ర వాయుగుండము. 62 చేరినప్పుడు అది తుపాను. అప్పుడే దానికి పేరు పెట్టుదురు. 89 చేరినచో తీవ్ర తుపాను. 118 చేరినచో అతి తీవ్ర తుపాను. గాలి వేగము రెట్టింపైనచో అది గోడలమీదను, చెట్లమీదను మోపు ఒత్తిడి నాలుగింతలగును. కనుక 60కిని 120కిని గల తేడా రెండింతలు గాదు, నాలుగింతలని తెలిసికొనవలెను.

బలమైన తుపాను నడుమ 'కన్ను' ఉండును. కన్ను మనమీదికి వచ్చినప్పుడు గాలి ఆగిపోవును; వాన వెలియును; ఒక్కొక్కప్పుడు ఆకాశము కూడ కనబడును. తుపాను వెళ్ళిపోయినదని జనము బయటికి వచ్చుట అప్పుడే. కాని కన్ను దాటగానే గాలి, అంతకుముందు వీచిన దిక్కునకు సరిగా ఎదురుదిక్కునుండి మరల అంతే బలముతో విరుచుకుపడును. మొదటి గాలికి వదులైన గోడలు రెండవ గాలికి కూలును. రేడియో చెప్పువరకు ఆశ్రయము విడువరాదనుటకు కారణమిదియే.

ఈ సుడిగాలికి ఆంగ్లమున 'సైక్లోన్' అను పేరు పెట్టినవాడు కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్. 1848లో అచ్చయిన తన గ్రంథములో ఆయన ఆ మాటను వాడెను. అంతకుముందే 1789లోను, 1839లోను గోదావరి ముఖద్వారమున కోరింగ రేవు తుపానులకు గురియై దెబ్బతిన్నది. ఈ విషయమున తెలుగువారు వట్టి బాధితులుగా మాత్రమే ఉండిపోలేదు. 1840 ప్రాంతమున విశాఖపట్టణములో గోడే వెంకట జగ్గారావుగారు తన స్వంత వ్యయముతో ఖగోళ పరిశీలనశాలను స్థాపించిరి. తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపి, ఆకాశముతోపాటు వాతావరణమును కూడ పరిశీలించిరి.

ఉప్పెన

తుపాను చంపునది గాలిచేతకంటె నీటిచేతనే ఎక్కువ. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరని చెప్పుదురు. అదే సంవత్సరము అక్టోబరులో కలకత్తాను తుపాను ధ్వంసము చేసినది. ఆ తరువాతి కరవులు కూడ తోడుకాగా, 1875లో భారత వాతావరణశాఖ యేర్పడినది.

ఉప్పెన యేల వచ్చును? తుపాను కేంద్రములో గాలి బరువు తగ్గును గనుక అక్కడి సముద్రమట్టము కొంత ఉబ్బును. అయితే ఒక మిల్లీబారు తగ్గినచో నీరు ఒక సెంటీమీటరు మాత్రమే లేచును. పీడనము 60 మిల్లీబారులు పడిపోయినను లేచునది 60 సెంటీమీటర్లే. మిగిలిన ఎత్తంతయు గాలి పని. గాలి నీటిని తీరమువైపునకు త్రోయును; తీరమున సముద్రము లోతు తక్కువగుటచేత ఆ నీరు వెనుకకు పోవ దారిలేక గోడవలె లేచి నేలమీదికి వచ్చును.

1977 నవంబరు 19వ తేదీన జరిగినదిదియే. ఆ తుపాను కేంద్రము చీరాల సమీపమున తీరము దాటినది. కాని ఘోరమైన నష్టము చీరాలలో గాదు, దానికి ఈశాన్యముననున్న దివిసీమలో జరిగినది. దీనికి కారణమును మన మిదివరకే చెప్పుకొంటిమి. సుడి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును గనుక, కేంద్రమునకు కుడిప్రక్కనున్న తీరమున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఎడమప్రక్కన నేలనుండి సముద్రముమీదికి వీచును. దివిసీమ కుడిప్రక్కన నుండెను. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు పల్లెలను ముంచుచు ఎన్నో కిలోమీటర్లు లోపలికి వచ్చినది. దాదాపు పదివేల మంది ప్రాణములు పోయినవి. కేంద్రము ఎక్కడ తీరము దాటునో ఆ ఊరిపేరు మాత్రమే విని, అది మన ఊరు గాదు గదాయని నిశ్చింతగా నుండరాదని దివిసీమ నేర్పిన పాఠము.

పదమూడేండ్లకు, 1990 మే 9వ తేదీన, ఇంచుమించు అంతే బలముగల తుపాను కృష్ణానది ముఖద్వారమువద్దనే తీరము దాటినది. ఉప్పెనయు వచ్చినది. కాని ఈసారి చనిపోయినవారు వేయిమందికి లోపు. తుపాను బలము తగ్గలేదు. మనుష్యుల సంసిద్ధత పెరిగినది. ఈ నడుమకాలములో తీరమున తుపాను ఆశ్రయ భవనములు వెలసినవి. ఇన్సాట్ ఉపగ్రహము సముద్రముమీది మేఘములను పైనుండి చూపుటేగాక, హెచ్చరికలను తీరగ్రామములకు నేరుగా చేరవేసినది. లక్షన్నర మందికి పైగా ముందుగనే తరలింపబడిరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో విశాఖపట్టణముమీదనే వచ్చి పడినది. లక్షలమంది నివసించు మహానగరముమీద పడినను మృతుల సంఖ్య వందకు లోపలనే నిలిచినది.

నేడు ఉపగ్రహములు, విశాఖపట్టణము, మచిలీపట్టణములందలి రాడారులు, బెలూన్లతో ఎగురవేయు పరికరములు, సముద్రములోని తేలుబోయాలు పంపు అంకెలను గణనయంత్రములు లెక్కకట్టి తుపాను మార్గమును సూచించుచున్నవి. విశాఖపట్టణములో 1974 నుండి తుపాను హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. తీరమున దుర్దినము ప్రారంభమగుటకు 48 గంటల ముందు అప్రమత్త సూచనను, 24 గంటల ముందు హెచ్చరికను ఇచ్చుట నియమము. ఆ గంటలు మన చేతికి వచ్చిన ధనము. వానిని చర్చలలో పోగొట్టుకొనక, పశువుల పలుపులు విప్పుటకు, మంచినీరు, ఆహారము సమకూర్చుకొనుటకు, ముసలివారిని, పిల్లలను ముందుగా పంపుటకు వినియోగింపవలెను. కరెంటు పోయినను పలుకు బ్యాటరీ రేడియో ప్రతి తీరగ్రామమున ఒకటియైనను ఉండవలెను.

దుప్పటి మందమగుచున్నది

చివరకు ఒక్క సంగతి. దుప్పటి మందము మారినచో వాతావరణము మారక తప్పదు. పరిశ్రమలు ప్రబలకముందు పదిలక్షల పాళ్ళ గాలిలో బొగ్గుపులుసు వాయువు 280 పాళ్ళుండెడిది. 1958లో హవాయి దీవులలోని మౌనాలోవా పర్వతముమీద కీలింగ్ కొలత ప్రారంభించినప్పుడు అది 315 పాళ్ళ ప్రాంతమున నుండెను. ఇప్పుడు 420 దాటినది. బొగ్గును, చమురును తగులబెట్టుటయే దీనికి ముఖ్యకారణము. పందొమ్మిదవ శతాబ్ది చివరి కాలముతో పోల్చినచో భూమి సగటు వేడిమి ఇప్పటికి ఒక డిగ్రీకి పైగా హెచ్చినది. ఒక డిగ్రీ హెచ్చిన గాలి నూటికి ఏడు పాళ్ళు ఎక్కువ ఆవిరిని మోయగలదు; అనగా కురిసినప్పుడు హెచ్చుగా కురియగలదు. సముద్రమట్టము లేచుచున్నది, లేచిన సముద్రముమీద వచ్చు ఉప్పెన ఆ మేరకు ఎత్తైనదగును.

ఇది మనవలన కాని పనియని నిరాశపడనవసరము లేదు. దక్షిణధ్రువముమీద ఓజోను పొర పలుచబడినదని 1985లో బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. శీతలయంత్రములలో వాడు కొన్ని వాయువులే దానికి కారణమని తేలినది. 1987లో మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడిక చేసికొని వాని ఉత్పత్తిని క్రమముగా మానిపించినవి. ఓజోను పొర నెమ్మదిగా కోలుకొనుచున్నది. మనుష్యులు చెరిపినదానిని మనుష్యులే సరిదిద్దుకొనగలరని దీనివలన తెలియుచున్నది.

తుపానును ఆపు శక్తి మనకు లేదు. అది వచ్చు త్రోవను, వేళను ముందుగా తెలిసికొను శక్తి మాత్రము కలిగినది. 1977 నాటి దివిసీమకును, 1990 నాటి దివిసీమకును నడుమ మిగిలిన వేలకొలది ప్రాణములు ఆ తెలివిడికి సాక్ష్యములు. తెలిసినది తీరములోని చివరి గుడిసెకు సకాలమున చేరవేయుటయు, విన్నవారు కదలివచ్చుటయు నేటికిని మన బాధ్యతలు.